విడుపు

ముందు ఒక గీత గీశాను
పాత కరెంటు బిల్లు వెనక, పెన్సిల్‌తో.
నిటారుగా ఒక ఎక్కుడు,
కొస నుంచి కాస్త జారుడు,
కొంత దూరం చదునుగా నడక,
ఆఖరికి నేల దాకా వాలు.
టెక్ల తొంగిచూసి
"ఎవరిల్లు ఇది? కప్పు కూలిందే" అంది.

ఇల్లు కాదు, టెక్లా.
మీట నొక్కగానే స్వరం ఎంత వేగంగా లేవాలో,
లేచి ఎంత తగ్గాలో,
వేలు ఉన్నంతసేపూ ఎక్కడ నిలవాలో,
వేలు తీశాక ఎంతసేపటికి పోవాలో
చెప్పే పెట్టె.
దీనికి తనదంటూ గొంతు లేదు.
పక్క పెట్టె అరుస్తుంటే
ఎంత అరవాలో ఇది చెబుతుంది.

"మా ఇంట్లో ఆ పని నాది" అంది
తన టీలో నా చక్కెర కలుపుకుంటూ.

రీగాలో డిసెంబరు. మూడున్నరకే చీకటి.
కింద ట్రామ్ మలుపు తిరిగినప్పుడల్లా
బల్ల మీద రెసిస్టర్లు నువ్వుగింజంత జరుగుతాయి.
కెపాసిటర్ అంటే ఏముంది,
గుక్కెడు కరెంటు పట్టే బుడ్డి.
మొదట గబగబా తాగుతుంది,
నిండేకొద్దీ బద్ధకం.
అంచు దాకా ఆగితే తెల్లారుతుంది గనక
ఎనిమిది వోల్టుల దగ్గర కాపలా పెట్టాను:
చాలు, ఇక దిగు.
ఎక్కడం మూడు రాత్రుల్లో లొంగింది.
పేచీ అంతా దిగడంలోనే.

వేలు తీశాను.
వంపు దిగింది, దిగింది,
సున్నాకి అరవోల్టు పైచిలుకులో ఆగిపోయింది.
డయోడ్ తన సుంకం తాను ఉంచుకుంది.
స్పీకర్లో సన్నగా,
పక్కగదిలో ఎవరో మాట ముగించనట్టు.

సరే, డయోడ్ పీకేశాను.
సున్నాకి కిందనుంచి లాగి
సున్నా దగ్గర పట్టి ఆపాను.
ఇప్పుడు సున్నా అంటే సున్నా. టక్.

నలభై ఏళ్ళు ఆర్గన్లు శ్రుతి చేసిన చెవి
కప్పు కింద పెట్టి అంది:
"ఇది పోలేదు, వెల్గా. నువ్వు పంపేశావు."

ఆ రాత్రే తాళాలగుత్తి తీసుకుని
నది అవతలి చర్చికి నడిపించింది.
చలికి గొట్టాలన్నీ కాస్త శ్రుతి దిగి ఉన్నాయి.
"మా వాటికి నీ వంపులేవీ లేవు.
నొక్కితే ఉంది, తీస్తే లేదు.
మిగతాది రాళ్ళు చూసుకుంటాయి."
ఎడమచేతి కింద లావుపాటి స్వరం ఒకటి.
నొక్కింది. పట్టింది. తీసింది.
గడియారాలు చూసుకుంటూ నిలబడ్డాం.
నాకు ఐదు సెకన్లకి అయిపోయింది.
తనకి ఏడు.
కాపలాదారు కుక్క
ఇంకా చెవులు దించలేదు.

తిరిగొచ్చి,
కిందనుంచి లాగడం మానేశాను.
బుడ్డిని దాని మానాన ఒలకనిచ్చాను.
సగం, సగంలో సగం, అందులో సగం.
లెక్క ప్రకారం అది ఎప్పటికీ ఖాళీ కాదు.
లెక్కని ఎవరూ వినరు గనక ఫర్వాలేదు.

రేకు మీద అక్షరాలు అచ్చేసే గుంటార్స్ అడిగాడు:
నాలుగో నాబ్ ఎక్కడి దాకా? పదా, పన్నెండా?
అంకెలొద్దు, గీతలు చాలన్నాను.
చివరి గీత కాస్త సన్నగా వెయ్యి.
టెక్ల వేలు పెట్టి చూపించింది:
"మూడోది పట్టు, నాలుగోది విడుపు.
రెండూ తెలిసిన మనిషిని
నేను పెళ్ళాడలేదు."

మొదటి పాతికా అమ్ముడుపోయాయి.
మూడో చలికాలంలో ఒకటి వెనక్కొచ్చింది,
టేపుతో అంటించిన చీటీ: ఆగడం లేదు.
విప్పి చూశాను. ప్రతి అతుకూ మెరుస్తోంది.
మీట నొక్కి వదిలాను.
"ఆగిందిగా" అంది టెక్ల,
కిటికీ పక్కన, కోటు విప్పకుండానే.

నాకింకా వినిపిస్తోంది.
ఇంకా.
ఏమీ అనలేదు.
ఆమె టీలో చక్కెర
ఆ పూట నేనే కలిపాను,
చెంచా కప్పుకి తగలకుండా.