చెప్పులు విడిచే చోటు

ఇక్కడ ముందు చెప్పులు విడవాల, ఆ తర్వాత ఊరు.
వాకిట్లో జిగట చాప ఒకటి పరిచినాము.
తొక్కితే పాదాల కిందున్న అనంతపురం
ఎర్రగా అంటుకుని అక్కడే ఉండిపోతుంది.
సాయంత్రానికి పై పొర ఒలిచి పారేస్తా.
పారేసే ముందు వెలుతురుకు పట్టి చూస్తే
ఎవరు ఎట్ల నడిచి వచ్చినారో తెలుస్తుంది.
మడమ బరువుగా వేసేది తిప్పేస్వామి సారు.
మునివేళ్ల మీద వచ్చేది
మూడు నెలలుగా ఫలితం రాని పిల్లోళ్లు.

పద్దెనిమిదేండ్లు బాటనీ బ్లాకులో కసువు ఊడ్చినా.
ఇప్పుడు కసువు రాకుండా చూసే ఉద్యోగం.
రెండూ ఒకటే కదా ఎర్రక్కా అని ఆఫీసులో నవ్వినారు.
ఒకటి కాదు సారూ.
ఊడ్చేటప్పుడు దుమ్ము నాకు కనపడేది.

మిషను ఒకటే.
కడుపులో గాలి లేకుండా తీసేస్తే గాని
కన్ను తెరవదు.
దాని ముందు ఆరు డిపార్టుమెంట్లు,
కడప నుంచి ఇద్దరు,
కర్నూలు నుంచి పొద్దున రైలుకు దిగి
రాత్రి బస్సుకు పోయే మద్దిలేటి.
అందరికీ కలిపి ఒక పొడుగు నోటుబుక్కు,
దారంతో కట్టిన పెన్ను.
జింకు ఆక్సైడు, వెండి, మళ్లీ జింకు ఆక్సైడు,
శెనక్కాయ పొట్టు కాల్చిన బొగ్గు.
ఆ చివరిది చదివి ఒక్క క్షణం నిలబడినా.
పొట్టును ఇటుక బట్టీలకు తోలిన ఇంటిదాన్ని.
ఇదేం చేస్తాది నాయనా అంటే
బోరు నీళ్లలో ఫ్లోరైడును పట్టుకుంటాదేమో అక్కా అన్నాడు.
ఆ 'ఏమో' నాకు నచ్చింది.

నానో అంటే ఏందమ్మా అని రాబియాను అడిగినా.
వెంట్రుకను ఎనభై వేల చీలికలు చెయ్యమంది.
మా అవ్వకు ఆవగింజలో అరవయ్యో వంతే కడాకరు,
దాని అవతలికి ఆమె దగ్గర మాట లేదు.
ఈ గదిలో ఆవగింజ ఒక కొండ,
ఎదురొస్తే చుట్టు తిరిగి పోవాల.

ఆషాఢం గాలి రాత్రి.
కిటికీ సందుల్లో టేపు అంటించి అంటించి వేళ్లు కాయకట్టినాయి.
పదకొండున్నరకు కరెంటు పోయింది.
బ్యాటరీ పెట్టె పదకొండు నిమిషాలు అరిచి అరిచి
ఊరుకుంది.
పంపు ఆగింది. మద్దిలేటి గంటలు ఆగినాయి.
కరెంటు వచ్చినాక కూడా
మిషను మళ్లా కడుపు ఖాళీ చేసుకోవాలంటే తెల్లారుతుంది.
తెల్లారి గంటలు రాబియావి.

జనవరిలో ఈ పెన్ను దారం తెంపింది వీళ్లిద్దరే,
అరగంట కోసం.
అప్పటినుంచి మాటల్లేవు.

రాబియా నోటుబుక్కు తెరిచింది.
తన పేరు మీద ఒక గీత.
పక్కన అతని పేరు.
కారణం గడిలో: తలనొప్పి.
అతని ముఖం చూడలేదు, బయటికి పోయి మెట్ల మీద కూచుంది.
తలనొప్పి మనిషి
తెల్లారేదాకా పొట్లం బొరుగులు నమిలింది.
నాకూ ఒక పిడికెడు పెట్టింది.
నేను ఏం అడగలేదు.

ఎనిమిదిన్నరకు మద్దిలేటి పిలిచినాడు.
తెర మీద బొగ్గు, చెదపుట్టను చీల్చినట్టు
గదులు, గదుల లోపల గదులు.
మూలన మాత్రం ఒక పెద్ద బండ.
ఇదేంది?
దుమ్ము అక్కా. యాడనుంచో దూరింది.
నా గుండె గుబేలుమంది.
ఇన్ని టేపులు, ఇన్ని చాపలు,
అయినా ఊరు లోపలికి వచ్చి కూచుంది.
తిట్టలేదు అతను. కత్తిరించనూలేదు.
బండతో సహా దాచినాడు.

నెలాఖరుకు ఆఫీసుకు లెక్క పంపాల.
నడిచిన గంటలు ఒక గడి, ఆగిన గంటలు ఒక గడి.
తలనొప్పిని ఎందులో వేయాలో
ఎవరూ చెప్పలేదు.
నడిచిన గంటల్లోనే కలిపేసినా.