పదమూడు వెంట్రుకల బిగువు

హోల్బీచ్ ఊరి చివర, క్యాబేజీ చేల వెనక,
గాలికి తలుపు ఆగని రేకుల షెడ్డు మాది.
మాది అంటే థర్కెల్ గారిది.
నేను లేత్ మిషన్ మనిషిని,
కాయితం మీద చిల్లులు లెక్కపెట్టే మనిషిని.
భ్రమరాంబ అనడానికి నోరు తిరగక
బ్రామ్ అంటాడు. పలుకుతాను.

ఈ పొద్దున పాష్లీ వచ్చాడు.
మోకాళ్ళదాకా ఉప్పుబురద,
చంకలో జంటగొట్టాల పాత తుపాకీ,
కోటు జేబుల్లో మూడు రకాల తూటాలు:
సీసం, ఉక్కు, బిస్మత్.
"దీని నోటికి ఏది పడుతుందో చూడండి" అన్నాడు,
ముసలి ఆవుని పశువుల డాక్టరుకి అప్పజెప్పినట్టు.

గొట్టం చివర ఉండే బిగువుని చోక్ అంటారు.
చేరిన మొదటి వారం థర్కెల్
గంటసేపు బొమ్మలు గీసి చెప్పాడు.
నాకంత అక్కర్లేకపోయింది.
మా పిన్నిది ఇత్తడి జంతికల గొట్టం.
ఒక బిళ్ళకి కారప్పూస, ఇంకో బిళ్ళకి పకోడీ.
పిండి గట్టిగా కలిసిన రోజు మాత్రం
సన్నచిల్లుల బిళ్ళ పెట్టనిచ్చేది కాదు.
"గొట్టం చీలుద్దే పిల్లా!"
ఒకసారి వినలేదు. చీలింది.
ఆ చీలిక గుర్తు ఇంకా నా అరచేతిలో ఉంది.

పాష్లీ తుపాకీకి బిళ్ళలు మార్చడం లేదు.
తొంభై ఏళ్ళ కిందట ఎవరో
ఇనుములోనే చెక్కిపెట్టిన బిగువు.
కుడిది కొంచెం వదులు,
ఎడమది పూర్తి బిగువు:
పదమూడు వెంట్రుకలు పక్కపక్కన పేరిస్తే ఎంతో, అంత.
దానికోసమే ఇంత చర్చ.

నలభై గజాల దూరాన చట్రానికి కాయితం బిగించాం.
ఎడమ గొట్టం, సీసం.
ముప్పై అంగుళాల వృత్తం గీసి
ఒక్కో చిల్లు పక్కన పెన్సిలు గుర్తు పెడుతూ లెక్కపెట్టాను.
నూట అరవై నాలుగు.
పాష్లీ బూట్లకేసి చూసుకుంటూ నవ్వాడు,
మార్కులొచ్చింది తనకే అయినట్టు.
"బురదనేల మీద సీసం పనికిరాదిక" అన్నాడు థర్కెల్.
ప్రతి ఏడూ అనే మాటే.
రాలిన గుండ్లని గింజలనుకుని మేసి
బాతులు నిలబడ్డచోటే కూలబడి చచ్చేవట.

తర్వాత ఉక్కు. కుడి గొట్టంలో మాత్రమే.
చిత్రం, వదులు నోట్లోంచి వచ్చినా
గుండ్లు జట్టు విడవకుండా వచ్చి తగిలాయి.
సీసం లోపలే నలిగి, చొట్టబోయి, పక్కలకి జారుకుంటుంది,
దాన్ని పిడికిట్లో పట్టి పంపాలి.
ఉక్కు నలగదు. దాని దారిన దాన్ని వదలాలి.

"మరి ఎడమ గొట్టం?"
"ఉక్కు ఒదగదు విల్ఫ్. గొట్టం మెడ ఉబ్బుతుంది.
బ్రామ్ ఆ బిగువు కొంచెం గీకేస్తుంది. అరపూట పని."
ఇద్దరూ నా చేతులకేసి చూశారు.
గీకడం తేలికే.
రాలిన పొడి ఊడ్చి మళ్ళీ అతికించడం నాకు రాదు.
ఆ ముక్క చెప్పాను.

పాష్లీ ఏమీ అనలేదు.
తుపాకీ మడిచి, గొట్టంలో కన్ను పెట్టి
ఆ చివరనున్న రూపాయి బిళ్ళంత ఆకాశాన్ని
చాలాసేపు చూశాడు.

ఆఖరికి బిస్మత్, ఎడమ గొట్టంలో.
నూట నలభై తొమ్మిది. బాగానే ఉంది.
కాని మధ్యకి కాస్త ఎడంగా
ఒక్క చిల్లూ పడని చోటు, రెండు అరచేతులంత.
థర్కెల్ పెన్సిలు తీసుకుని
అందులో చిన్న జాతి బాతుని గీశాడు.
రెక్క అంచుకైనా ఏదీ తగల్లేదు.
"ఇది బతికింది" అన్నాను.
"తూటా రెండు పౌండ్లు" అన్నాడు పాష్లీ.
"అంత పోసి బతికించానన్నమాట!"

బిస్మత్ పెట్టె ఒక్కటే కొన్నాడు. ఇరవై ఐదు తూటాలు.
ముప్పై గజాలు దాటితే కాల్చననీ
నెలంతా ఇవే సరిపోవాలనీ
మాకు కాదు, తుపాకీకి చెప్పాడు.
ఆ బాతు కాయితం చుట్టి
రెండో చంకలో పెట్టుకుపోయాడు.

రీమరుకి నూనె రాసి సొరుగులో పడేశాను.
ఎడమ గొట్టం కొలతకి
నిన్న రాత్రే సానబట్టి ఉంచాను దాన్ని.