తోలు

రుస్తావి ఊరి చివర, ఉక్కు మిల్లు పొగగొట్టాల కింద
సముద్రం దాటొచ్చిన కార్లు బారులు తీరి ఉంటాయి.
అద్దం పగిలినవి, మూతి అప్పచ్చిలా నలిగినవి.
బయటి రేకు నుగ్జార్ వంతు,
లోపలి సీట్లు త్సియాలా వంతు,
ఆమెకి బకెట్టు అందించడం నా వంతు.

మొదటి రోజే నా చేతిలోని గిన్నెల సబ్బు లాక్కుని
ఇనుప పీపాలోకి విసిరేసింది.
"నీ మొహం దీంతోనే కడుక్కుంటావా?"
నిజానికి కడుక్కునేవాణ్ణే.
చెప్పలేదు.

ముందు కుట్లలోంచి దుమ్ము లాగాలి.
లాగకుండా తడిపావో
ఇసుక గరుకుకాగితమై గీరేస్తుంది.
నురగ బ్రష్షు మీద వెయ్యాలి, సీటు మీద కాదు.
చిన్నచిన్న చిల్లులున్న చోట తడి ఆగకూడదు,
కింది స్పాంజి తాగిందంటే
ఎండాకాలమంతా ఆ కంపే కక్కుతుంది.
గుండ్రంగా తిప్పు, నొక్కకు.
"గుర్రానికి చెమట తుడిచినట్టు," అంటుంది.
వాళ్ళ తాత కాఖెతీలో జీనులు కుట్టేవాడు.
నేను గుర్రాన్ని ముట్టుకున్నదే లేదు.

కోపమొస్తే నుగ్జార్‌కి తెలిసింది ఒకటే మాట:
తోలు తీస్తా.
రోజుకి పదిసార్లంటాడు, ఎక్కువగా నన్నే.
ఈ యార్డు మొత్తానికి
తోలు నిలబెట్టే మనిషి త్సియాలా ఒక్కతే.

బండి ఎవరు తోలారో తోలే చెబుతుందట.
ఎడమ అంచు అరిగి దారాలు లేచిందా,
రోజుకి పాతికసార్లు ఎక్కి దిగినవాడు,
ఉత్తరాలు పంచేవాడో, మందులమ్మేవాడో.
తల ఆనే చోట జిడ్డు మరకా,
ఇల్లు లేక ఇందులోనే పడుకున్నవాడు.
వెనక సీట్లో రెండు గుంటలుంటే
పసిపిల్ల కుర్చీ ఏళ్ళ తరబడి బిగించి ఉన్నట్టు.
గుంటలకి మందు లేదు.
ఆవిరి పట్టి అరచేత్తో నిమురుతుంటే
సగం లేస్తాయి.
సగం లేవవు.

ఆగస్టులో ఒక బూడిదరంగు కారొచ్చింది.
గాలిసంచి పేలిన తెల్లపొడి లోపలంతా.
డ్రైవరు సీటు వీపు మీద
బురద బూట్ల ముద్రలు, తన్ని తన్ని.
బ్రష్షు ఎత్తాను. చెయ్యి పట్టుకుని ఆపింది.
ఎంత వేగంలో గుద్దిందీ కాగితాల్లో ఉంటుంది,
ఎక్కడ గుద్దిందీ ఉంటుంది.
వెనక కూర్చున్న పిల్ల దిగిందో లేదో ఉండదు.

బయటికెళ్ళి సిగరెట్టు కాల్చింది, మొత్తం.
తిరిగొచ్చి మోకాళ్ళ మీద కూర్చుని చూసింది.
"కిందివి చిన్నవి. పైవి పెద్దవి.
ఇందులోనే ఎదిగింది," అంది.
అంతే అంది.
తరవాత తనే తుడిచింది,
కింది నుంచి పైకి,
మామూలు కంటే నెమ్మదిగా.
క్రీము రాస్తే ఆ చోటంతా గటగటా పీల్చేసుకుంది.

కరగండా నుంచి ఎర్బోలాత్ అనే అతను కొనడానికొచ్చాడు.
సీటు మీద చెయ్యేసి, వాసన చూసి,
ముందు ఎవరు తోలారని అడిగాడు.
ఎవరో ముసలావిడ, ఆదివారాలు మాత్రమే, అన్నాడు నుగ్జార్.
త్సియాలా కొత్త గుడ్డ ఒకటి అతని చేతిలో పెట్టింది.
"ఎండలో నిలబెట్టకు. మూడు నెలలకోసారి క్రీము.
పిల్లలు తన్నితే తిట్టకు, తుడిస్తే పోతుంది."
నాకు పిల్లల్లేరు, అన్నాడతను.
కుక్క ఉంది.
"అయితే దుప్పటి పరు."

దుమ్ము లేపుకుంటూ తోలుకుపోయాడు.
మేం తరవాతి కారు తలుపు తీశాం.
ఎవరిదో కాఫీ,
సీటంతా.