సంతకం లేని వాన

పూర్ణా మార్కెట్ వెనక సందులో
గోనెపట్టా పరిచి కూచునేవాడు పొట్నూరి గున్నయ్య.
ఓడల మీంచి దిగిన సరుకు:
తుప్పు పట్టిన బిస్కెట్ డబ్బాలు, మూతల్లేని సీసాలు,
వాటి నడుమ అరచేయంత బొమ్మల పుస్తకాలు.
తూకానికి కొని అట్ట బట్టి అమ్మేవాడు.
"ఇంగిలీసు ముక్క రాదు, నీకేటికిరా ఇవి?"
"వాన సదవడానికి" అన్నాను.

నిజమే, ఆ పుస్తకాల్లో ఎప్పుడూ వానే.
పొడుగు కోటు డిటెక్టివ్
దీపస్తంభం కింద కాలరెత్తి నిలబడితే
టోపీ అంచున వేలాడిన చుక్క
పక్క గడిలో నేల మీద పగిలేది.
ఉన్నది ఒక్క నలుపు.
తెలుపంటావా, అది వాడు ముట్టుకోకుండా వదిలిన కాగితం.
ఖాళీ బుడగల్లో నేనే మాటలు పోసేవాణ్ణి.
హంతకుడి చెయ్యి పట్టుకుని డిటెక్టివ్
"ఏటి బావూ, ఎంత పని సేసినావు!" అని
కన్నీళ్ళు పెట్టుకునేవాడు.

అప్పటికి నేను చేపల రేవులో
పడవలకి పేర్లు రాసే కుర్రాణ్ణి.
కుంచె పట్టడం మా మేస్త్రి నేర్పాడు.
ఎత్తడం నేర్పినవాడు మాత్రం
ఎవరో సీమదొర.
దొర అని నోటి అలవాటు కొద్దీ అన్నాను.
పేజీకింతని కూలి తీసుకుని
తెల్లారేసరికి సిరా చేతుల్తో పడుకునేవాడు
దొరెలా అవుతాడు?

షిప్‌యార్డులో ట్రేసింగ్ చేసే దానియేలు మాస్టారు
ఒక ఆదివారం భూతద్దం తెచ్చారు.
"ఈ మూల చూడు, గీతలు ఠక్కున ఆగాయి.
ఇక్కడ సంతకం ఉండుండాలి.
అచ్చువాళ్ళు చెరిపేశారేమో."

ఆ రోజు నుంచి
డిటెక్టివ్ హంతకుణ్ణి వెతుకుతుంటే
నేను వాణ్ణి గీసినవాణ్ణి వెతికాను.
గోడలో ఒక్క ఇటుక వంకరగా ఉంది,
దాని మీద వలముడి లాంటి గుర్తు.
మరో కథలో గుర్రం జీను మీద.
ఇంకోదాంట్లో,
చచ్చిపడున్నవాడి బూటు అడుగున!
రేవంతా వినబడేలా నవ్వాను.
దొరికావురా తండ్రీ.

ఒకసారి వాడు మన వైపు తీరం గీశాడు.
సముద్రంలోకి ముక్కు చాపిన కొండ,
అచ్చం మన డాల్ఫిన్స్ నోసే,
కింద ఇసకలో వరసగా ఒంటెలు,
కొబ్బరిచెట్టు మీద పులి.
ఊరు దాటి ఎప్పుడూ రాలేదన్నమాట పాపం.
ఊరు దాటని నేనేం తక్కువా?
ఉప్పుచేపల గొడౌన్ వెనక గోడ మీద
బొగ్గుతో లండన్ గీశాను,
మంచులో పొగగొట్టాలు, మెట్ల మీద పిల్లి.
పిల్లి నోట్లో కవ్వలు చేప పెట్టాను.
అక్కడి పిల్లులు ఏం తింటాయో ఎవరు చూడొచ్చారు?

హుద్‌హుద్ నాడు రేకులెగిరి
పుస్తకాలన్నీ తడిసి ముద్దయ్యాయి.
కాగితాల్లో వాన మీద అసలు వాన.
ఆరబెడితే ఒక్కటి విడింది,
అది కూడా సగమే.

మొన్న ఎల్లాజీ బోటు గట్టెక్కించి
అడుగున గుల్లలు గీకుతున్నాడు వాళ్ళ మనవడు.
"తాతా, నీటిగీత కింద ఈ సుక్కేటి?
ముక్కూ మూతీ లేని సేపలాగుంది."
నలభై ఏళ్ళుగా ఏ పడవ పేరు రాసినా
యజమాని టీకెళ్ళాక
మునిగే చోట ఒకటి పెడుతూ వచ్చాను.
పైన పేరు వాళ్ళది,
డబ్బులు వాళ్ళవి.

"రంగు జారిందిలేరా" అన్నాను.

వాడు గీకుడుకత్తి కింద పెట్టాడు.
నా మొహం కేసి చూశాడు, నా వేళ్ళ కేసి చూశాడు.
ఫోను లైటు వేసుకుని
పక్క పడవ కింద దూరాడు.