ఎన్ని ప్రాణాలు

పదకొండు యాభై రెండు.
మా గోడమీది గడియారానికి మీనంబాక్కం ఎండతో పనిలేదు,
బయట సాయంత్రం అయిదూ ఇరవై రెండు.
పోర్ట్ బ్లెయిర్ నుంచి వస్తున్న కురింజి మూడు ఒకటి ఆరు
తెరమీద పచ్చటి చుక్క
ఉన్నట్టుండి ఎర్రబడింది.
పక్కన నాలుగంకెలు: ఏడు, అయిదు, సున్నా, సున్నా.

పైలట్ నోరు విప్పలేనప్పుడు
మోకాలి పక్కన వేళ్ళతో చెప్పే మాట అది:
నా వెనక ఎవరో ఉన్నారు.

ఒక్కసారే అడగాలి. అడిగాను.
జవాబు లేదు.
రెండోసారి అడగకూడదు.
ఎవరు, ఎందుకు, చేతిలో ఏముంది, ఒక్కటీ అడగకూడదు.
అవతల ఎవరి చెవిన పడుతుందో తెలీదు కనక
గొంతులో పచ్చి వెలక్కాయ పెట్టుకుని
పెళ్ళిపందిట్లో పలకరించినట్టు పలకరించాలి:
తూర్పుగాలి, తొమ్మిది నాట్లు, మబ్బు లేదు.

దేవసహాయం సార్ వచ్చి నా కుర్చీ వీపు పట్టుకున్నారు.
అది కాస్త ఊగింది.
మిగతావాటిని జరిపాను,
కొచ్చిది పైకి, కొలంబోది కిందికి, తిరుపతి చిన్నది వెనక్కి.
ఒకాయన విసుక్కుంటూ ఇంధనం లెక్క చెప్పాడు.
ఎందుకో నేను చెప్పలేదు.

అప్పుడు మోగింది, నంబర్లు లేని ఆ ఫోను.
వాయుసేన నుంచి పూనాచ్చ. తొందర లేని గొంతు.
ఎత్తెంత? వేగమెంత? తీరానికెంత?
నూట ఎనభై మైళ్ళు.
"తంజావూరు నుంచి రెండు లేచాయి."
ఆగి,
"ఎన్ని ప్రాణాలు?"

మా వృత్తిలో ప్రయాణికులనం, ప్రాణాలంటాం.
చంకలో పసివాళ్ళకి సీటుండదు, ప్రాణం ఉంటుంది.
"నూట అరవై మూడు," అన్నాను.
కాపాడే ముందూ అదే మాట అడుగుతారు,
కాల్చే ముందూ అదే.
ఏ పేజీలో రాసుకున్నాడో నేను అడగలేదు.

నూట ముప్ఫై.
తెరమీద తీరం ఒక సన్నగీత.
దానికి ఇవతల ట్రిప్లికేన్, మైలాపూర్, బెసంట్ నగర్‌లో బజ్జీల బండ్లు.
సముద్రం మీద ఉన్నంతసేపూ ఒక లెక్క,
గీత దాటితే ఇంకో లెక్క.
ఆ రెండోది చేసే గది నాది కానందుకు
దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను,
వెంటనే సిగ్గుపడ్డాను.

తొంభై.
యుద్ధవిమానం ఎడంపక్కకి, కొంచెం ముందుకి చేరి
రెక్కలు ఊపుతుందట: నాతో రా.
పెద్దది ఊపితే: వస్తున్నా.
మా తెరమీద రెక్కలు కనబడవు.

యాభై రెండు.
"ఊపింది," అన్నాడు పూనాచ్చ.
ఆ ఒక్క మాటలో అతని కొడగు యాసంతా బయటపడింది.

తర్వాత రేడియోలో ఒక కుర్రగొంతు,
సారీ చెన్నై, సారీ, సారీ.
కోడ్ మారుస్తుంటే వేలు జారిందట,
రేడియో ఇంకో ఫ్రీక్వెన్సీ మీద ఉండిపోయిందట.
కాలు జారితే తీసుకోగలం, నోరు జారితే తీసుకోలేం
అనేది మా అమ్మమ్మ.
వేలి సంగతి ఆవిడకి తెలీదు.

నమ్మలేం కూడా.
మెడమీద కత్తి ఉన్నవాడూ సారీ అనే అంటాడు.
అందుకే దాన్ని దూరంగా, గడ్డి మధ్య, ఒంటరిగా ఆపారు.
చుట్టూ లైట్లార్పిన జీపులు.
రెండు గంటలకి తలుపు తెరిస్తే
లోపల ఎవరూ లేరు.
అంటే,
నూట అరవై మూడు మందీ ఉన్నారు.

రిపోర్టుకి జతచేయాలని నా చీటీ అడిగారు.
చూస్తే ఆ అంకె కింద మూడు గీతలు,
మూడోది కాగితాన్ని చింపింది.
ఎప్పుడు గీశానో గుర్తులేదు.

రాత్రి తిరుశూలంలో బీచ్ లోకల్ ఎక్కాను.
ఖాళీ పూలగంపతో ఒకావిడ, ఫోన్లో తలలు దూర్చిన కుర్రాళ్ళు,
నోరు తెరిచి నిద్రపోతున్న వాచ్‌మన్.
పరంగిమలై వచ్చేసరికి
లెక్కపెట్టడం అయిపోయింది: నాతో కలిపి నలభై ఒకటి.
కిటికీ దగ్గర ఒకామె ఒళ్ళో
బట్టలమూట కదిలింది.
నలభై రెండు.