పన్నెండు గడుల బొంత

క్రిస్మస్ బొంతకు జనవరిలనే సూది పట్టాలె.
డిసెంబర్ల షురూ చేస్తే మట్టలాదివారం దాక తెమలదు.
నెలకొక్క గడి, అన్నది కెజియా, నా తోటికోడలు.
మూరెడు పొడుగు, మూరెడు అడ్డం.

కాజీపేటల రైల్వే గేటు పక్కన నా మిషన్ డబ్బా.
ప్యాసింజర్ పోతే దారప్పెట్టె కదులుతది.
గూడ్సు పోతే గోడమీది ఏసయ్య కొంచెం వంకరైతడు,
పొద్దున నేను సరిచేస్త.

కొత్తబట్ట కొనొద్దని మా ఇద్దరి ఒట్టు.
మిషన్ కింద రాలిందే బొంతల పడాలె.
పండుగంటే ఎరుపు కావాలె గద, ఆకుపచ్చ కావాలె.
ఎరుపు, మేడే ముంగట వచ్చింది:
ఎనుమాముల హమాలీ సంఘం
నలభై జెండాలు కుట్టిచ్చుకపోయింది.
బట్ట మోసుకొచ్చిన బక్కయ్య భుజాల మిర్చి ఘాటు
ముక్కముక్కకు అంటింది.
తుమ్ముకుంట కుట్టినం.

ఆకుపచ్చ, దర్గా ఉర్సుకు.
చాదర్ అంచు కత్తిరించంగ మిగిలిన పట్టీ
జహీరాబీ తనే మడిచి నా చేతుల పెట్టింది,
మీ చెట్టుకు పనికొస్తదేమో చూడు, అని.

జూన్ గడి మొత్తం స్కూలు యూనిఫాం, నీలం గళ్ళు.
చూసినోళ్ళు నవ్వుతరు.
జూన్ల వేరే రంగు దొరకది, ఏం జేస్తం.

నేను మిషన్ మీద కుడత, గీత తప్పది.
కెజియాది చేతికుట్టు.
వానకు ఇల్లు మారే చీమలోలె ఆమె టాంకాలు,
ఒకటి ముంగట, ఒకటి వెనుక,
నడుమ ఒకటి ఆగి ఏందో చూస్తున్నట్టు.
మూలలు ఎన్నడు కలువవు.
ఇప్పుమని నేను, ఇప్పనని ఆమె.
ఏప్రిల్ గడి కాడ రెండు దినాలు మాటల్లేవు మాకు.

నయీంనగర్ నాలా పొంగిన వారం ఆమెకు జరం.
ఎంజీఎంల తొమ్మిది రోజులు.
సంచిల ఆగస్టు గడి పెట్టుకపోయింది,
నర్సమ్మ తిడితే దిండు కింద దాచింది.
చుక్కకు అయిదు కొనలు.
మూడు కుట్టింది.
సంచి ఇంటికొచ్చింది.

సెప్టెంబర్ల నేనేం కుట్టలే.
అక్టోబర్ల గూడ కుట్టకపోదును,
బతుకమ్మకు పిల్లల లంగాలు ఇరవై రెండు ఒప్పుకున్న,
జరీ ముక్కలు కుప్పవడ్డయ్.
ఊడ్వబోయి, చీపురు పక్కన పెట్టి,
అట్లనే కింద కూసున్న.
రెండు నెలల గడులు ఒక్క రాత్రి తీసిన.
గీత తప్పింది. ఇప్పలే.

అడుగుబట్ట మా మామ దాచిన ఆజంజాహి తాను.
మిల్లు మూతబడ్డ నాడు బీరువాల పెట్టిండు,
మడతల కాడ పసుపుబారింది,
ఇన్నేండ్లు ఎవరినీ ముట్టనియ్యలే.
ఈ ఏడు తనే తెచ్చి మిషన్ మీద పెట్టి
ఏమనకుండ బయటికివోయి బీడి ముట్టిచ్చిండు.

మిగిలిన రెండు కొనలు నేను కుట్టొచ్చు.
దారం ఉన్నది. ఆమె గుచ్చిన కాడనే సూది ఉన్నది.
పసిపిల్ల పండే బొంతల సూది ఉండొద్దు,
తీసిన.
కొనలు మాత్రం ముట్టలే.

ఆ ఏడు చర్చిల మొదటి పురుడు ఎవరిదైతే బొంత వాళ్ళకు.
ఈసారి గ్యాంగ్‌మన్ ఏలియా బిడ్డ కాన్పు.
పండుగ పొద్దున, ఆరాధన నడుమ చూసిన,
పిల్ల హమాలీల ఎరుపును కాళ్ళతోటి తన్నుతాంది.
తల్లి నా దిక్కు వంగి మెల్లగ అడిగింది:
అత్తా, ఈ చుక్కకు మూడే కొనలున్నయేంది?

అది ఇంక పొడుస్తాంది బిడ్డా, అన్న.

చలికి ఆమె బొంత మలిపి పిల్లను చుట్టుకున్నది.
చుక్క లోపలికి పోయింది.