రేగులా రాత్రి షిఫ్టు

ఆరె నది పొగమంచు కప్పుకుని పడుకుంది.
గట్టు మీది కాంక్రీటు హాల్లో
రేగులా హుంజికర్ మూడో కాఫీని మరిచిపోయి
తెర మీద గీతలు చూస్తోంది.

లాటిన్‌లో ఆమె పేరుకు నియమమని అర్థం.
నెల జీతం మాత్రం
నియమం తప్పే ఒక్కదాని కోసం కాపు కాసినందుకు.

సెకనుకు కోట్ల మ్యూఆన్లు
పలచని పొర మీద వాలి ఆగుతాయి.
రెండు మైక్రోసెకన్ల ఆయుష్షు.
పోతూ పోతూ ప్రతిదీ ఒక పాజిట్రాన్‌ని కని
వెంట రెండు న్యూట్రినోలను సాగనంపుతుంది,
ఎవరి ఇంటిపేరు వాళ్ళకు అప్పజెప్పి
లెక్క సరిచేసినట్టు.

ఆ ఇంటిపేరునే రుచి అన్నారు,
నాలుకలకు అందని చోట.

న్యూట్రినోలు ఎప్పుడో కట్టు తప్పాయి.
సూర్యుడి దగ్గర ఒక పేరు, ఇక్కడికొచ్చాక ఇంకో పేరు.
ఉందా లేదా అన్నంత బరువు.
ఆ కాస్తే చాలింది.
తోడబుట్టిన మ్యూఆన్‌కి మాత్రం ఇంత బుద్ధేమిటి?

పీసా నుంచి వచ్చిన ఫియొరెన్సో
నిన్న క్యాంటీన్లో పేపరు రుమాలు మీద ఒక సున్నా గీశాడు.
"ప్రతి కణానికీ ఒక బరువైన జంట ఉందనుకో.
ఆ జంటల ఇంట్లో పేర్లు కలగాపులగం.
మ్యూఆన్ ఈ సున్నాలోకి దూరి
పాజిట్రాన్ అయి బయటపడుతుంది,
ఎదురు దిక్కున ఒక్క వెలుగు విసిరి.
న్యూట్రినోలు ఉండవు. సాక్షులే ఉండరు."

"జంటలే లేకపోతే?"

"అప్పుడూ జరుగుతుంది.
చుక్కలన్నీ ఆరిపోయినా నీ షిఫ్టు అయిపోదు, అంతే."
రుమాలుతోనే మూతి తుడుచుకున్నాడు.

తొమ్మిది వందల లీటర్ల ద్రవ జెనాన్
చలిలో కళ్ళు తెరుచుకుని కూర్చుంది.
అందులో మెరిసేది మనిషి కంటికి చిక్కని ఊదా.

అన్నిటికన్నా తమాషా ఇది:
సరైన శక్తితో, సరైన కోణంలో, సరైన క్షణాన
వచ్చినదేదైనా నేరుగా మూసిన పెట్టెలోకి పోతుంది.
ఆశ లెక్కను వంచేస్తుందని
ఏళ్ళు గడిచేదాకా ఎవరూ తెరవరు.
తెర మీద గీతలన్నీ
ఆ పెట్టెకు ఇవతలివి.

ఆరున్నరకి వంతు మారింది.
చిట్టా పుస్తకంలో 'ఏమీ రాలేదు' అని రాసి
పెన్ను అక్కడే ఆపింది.
కొట్టేసి, కింద ఇలా రాసింది:
'ఏం వచ్చిందో చూడలేదు.
పంపు రెండు కాస్త చప్పుడు చేస్తోంది.'